బాపు కొనిచ్చిన ఎయిర్‌గన్

కురవిలో పొద్దు గూకుతోంది. శివరాత్రి వెళ్ళిపోయినా జాతర సద్దుమణగలేదు. వీరన్న గుడి ముందు మొదలైన జనం, ఊరి బయట బండ్లు విప్పిన చోటి దాకా తెగకుండా సాగుతున్నారు. ఎడ్ల మెడల్లో గంటలు, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు, గాజుల దుకాణాల దగ్గర బేరాలు, రంగులరాట్నం ఇరుసు కిర్రుమనే చప్పుడు. కోరిక తీరినవాళ్ళు స్వామికి కోరమీసాల మొక్కు చెల్లించి, నుదుట విభూతితో బయటికి వస్తున్నారు. మా అత్తమ్మ వాళ్ళది మానుకోట దగ్గరి పల్లె. మహబూబాబాద్ అని బోర్డుల మీద ఎంత రాసినా మాకది మానుకోటే. జాతరకు జనగామలో రైలెక్కి, కాజీపేట, వరంగల్, నెక్కొండ, కేసముద్రం దాటి అక్కడ దిగుతాం. దిగాక కురవికి బస్సు దొరికితే బస్సు, లేదంటే అత్తమ్మ వాళ్ళ ఎడ్లబండి.

నా కళ్ళు రాట్నం మీద లేవు, మిఠాయి దుకాణం మీద లేవు. పెట్రోమాక్స్ లైటు వెలుతురులో నిలబెట్టిన ఒక పెద్ద చెక్క బోర్డు మీద ఉన్నాయి. బోర్డు నిండా వరుసలు వరుసలుగా బుగ్గలు. ఎర్రవి, పచ్చవి, నీలివి. గాలికి ఒకదానికొకటి రాసుకుని కీచుమంటున్నాయి. బోర్డుకు ఇవతల ఒక బల్ల. బల్ల మీద తుపాకి.

"కొడతవారా?" అంటాడు బాపు.

తలూపుతాను. నోట మాట రాదు.

"ఆగు. ముందుగాల వేరేటోళ్ళు కొడుతుంటె సూడు."

నిలబడి చూస్తాం. తలకు తువ్వాల చుట్టిన ఒకతను నడిమిట్ల ఉన్న ఎర్ర బుగ్గకు గురి పెడతాడు. 'టక్' మని చెక్క మీద చప్పుడు. బుగ్గ కదలలేదు. మళ్ళీ కొడతాడు. మళ్ళీ చెక్కే. దుకాణపాయన ఏమీ మాట్లాడకుండా తుపాకిని నడిమికి విరిచి, ఇంకో చర్ర పెట్టి అందిస్తున్నాడు. బాపు వంగి నా చెవి దగ్గర అడుగుతాడు.

"గుండు యాడ తాకుతున్నది?"

"ఎడమ దిక్కు."

"ఎంత?"

"బెత్తెడు."

"మరి నువ్వు యాడ సూడాలె?"

జవాబు చెప్పక ముందే అర్థమవుతుంది. నా వంతు వస్తుంది. బల్ల అంచు ఛాతీకి తగులుతోంది. తుపాకి చెక్కకు ఎందరెందరో చెంపలు ఆనించిన నూనె జిడ్డు, చెమట వాసన. ఇనుము చల్లగా ఉంది. ఎర్ర బుగ్గను వదిలేసి, దానికి కుడి పక్కన బెత్తెడు దూరంలో ఉన్న వట్టి చెక్కను చూస్తాను. ట్రిగ్గర్ గట్టిగా ఉంది. లాగుతూ పోతే ఎక్కడో ఒకచోట ఒక్కసారిగా తెగుతుంది. 'ఠప్'. ఎర్ర బుగ్గ ఉన్నచోట ఒక రబ్బరు తునక వేలాడుతోంది.

చుట్టూ ఉన్నవాళ్ళు అరుస్తారు. బాపు అరవడు. భుజం మీద చెయ్యి మాత్రం వేస్తాడు.

"తుపాకి వంకరదైనా, కన్ను సక్కగుంటె సాలు."

తిరుగు రైలులో కిటికీ పక్కన చీకట్లో మిరప చేన్లు వెనక్కి పోతున్నాయి. అత్తమ్మ కట్టిచ్చిన అరిసెల మూట నా ఒళ్ళో ఉంది. కేసముద్రం దాటాక బాపు తనలో తాను అనుకున్నట్టు అంటాడు, "ఇంట్ల ఒకటి ఉంటె మంచిదే." ఆ రాత్రి నేను కాజీపేటలో కూడా కన్ను మూయలేదు.

*

పత్తి అమ్మిన డబ్బు చేతికొచ్చాక బాపు నన్ను వెంటబెట్టుకుని హైదరాబాద్ బయలుదేరతాడు. 1990ల మొదటి రోజులవి. దుకాణంలో అద్దాల వెనుక లైసెన్సు తుపాకులు నిలబడి ఉన్నాయి. వాటి ముందు మా మాటలు వాటంతటవే తగ్గిపోతాయి. ఎయిర్‌గన్లు ఇవతల గోడకు ఉన్నాయి. బాపు మొదట అడిగేది ధర కాదు.

"కాయిదాలు ఏమన్న గావాల్నా?"

దుకాణపాయన ఓపికగా చెబుతాడు. 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద నిబంధనలు. ఐదడుగుల దూరం నుంచి కొట్టినప్పుడు అంగుళం మందం చెక్కను గుండు దాటిపోకూడదు. అలా దాటని గాలి తుపాకికి లైసెన్సు అక్కర్లేదు. బాపు అంతా విని, రసీదు మడిచి జేబులో పెట్టుకుంటాడు. ఆ రసీదు ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు మా ఇంటి పట్టా కాగితాలతో కలిసి ఒకే పెట్టెలో ఉంది.

తుపాకిని దుప్పట్లో చుట్టి బస్సెక్కుతాం. ఉప్పల్, భువనగిరి, ఆలేరు. పెంబర్తి దగ్గర రోడ్డు పక్క ఇత్తడి పని చేసే ఇళ్ళల్లోంచి సుత్తి దెబ్బలు వినిపిస్తాయి. జనగామ వచ్చేసిందని నాకు చెప్పేది ఎప్పుడూ ఆ చప్పుడే. కండక్టరు దుప్పటి వైపు చూసి, బాపు మొహం చూసి, ఏమీ అడక్కుండా ముందుకు పోతాడు.

ఇంట్లో దుప్పటి విప్పగానే నానమ్మ గడప దగ్గరే ఆగిపోతుంది.

"ఇంట్లకు తుపాకి ఎందుకు తెచ్చినవ్ కొడుకా?"

ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. మా జనగామ దిక్కు పెద్దవాళ్ళకు తుపాకి ఆటవస్తువు కాదు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమురయ్య నేలకొరిగేనాటికి నానమ్మ పదేళ్ళ పిల్ల. ఆ తర్వాత రజాకార్ల కాలం. పల్లెలు వడిసెలలు, బరిసెలు, నాటు తుపాకులు పట్టుకుని రాత్రంతా కాపలా కాసిన కాలం. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోత కబురు చిన్నతనంలోనే విన్నది. తుపాకి చప్పుడు అయ్యిందంటే ఎవరో ఒకరు ఇంటికి రారని ఆమెకు తెలుసు.

బాపు ఆమె పక్కన నేల మీద కూర్చుంటాడు. తుపాకిని విరిచి, గొట్టం వెలుతురుకు పెట్టి, అవతలి గోడ కనిపించేటట్టు చూపిస్తాడు.

"సూడు. లోపల ఏం లేదు. దీనికి మందు ఉండదమ్మా. గాలితోని నడుస్తది."

నానమ్మ చాలాసేపు చూస్తుంది.

"గాలైనా గంతే. మనిషి దిక్కు తిప్పద్దు."

మా ఇంట్లో ఆ తుపాకికి మొదటి చట్టం అదే. ఢిల్లీలో రాసిన దానికన్నా అదే ఎక్కువ అమలైంది.

*

ఇప్పుడు మీరూ నా పక్కన పెరట్లోకి రండి. పొద్దున ఎండ ఇంకా ముదరలేదు. వేపచెట్టు కింద నీడ పలచగా ఉంది. పశువుల కొట్టం మట్టిగోడకు ఆనించి ఇసుక నింపిన గోనెసంచి. దాని మీద పాత దినపత్రిక. పత్రిక మధ్యలో సీసా మూత ఆనించి బొగ్గుతో గీసిన గుండ్రం. గోడకు అవతల చెలక, ఆ తర్వాత ఎవరూ నడవని కంచె. చోటు బాపు ఎంచాడు. గుండు గురి తప్పితే ఎక్కడికి పోతుందో చూసి మరీ ఎంచాడు.

తుపాకి ఇంత దగ్గరగా ఎప్పుడూ చూసి ఉండరు. చేతిలోకి తీసుకోండి, బరువు ఉంటుంది. చెక్క ఎరుపు తిరిగిన గోధుమ రంగు, వార్నిష్ వాసన ఇంకా పోలేదు. ఇనుము మీద నల్లటి నీలం మెరుపు. దాని మీద వేలు పెడితే వేలిముద్ర పడుతుంది, సాయంత్రం నూనె గుడ్డతో తుడవకపోతే మర్నాటికి అక్కడ తుప్పు మొదలవుతుంది. గొట్టం కొస పట్టుకుని కిందికి వంచండి. మొదట సులువుగా వస్తుంది, తర్వాత లోపల బలమైన స్ప్రింగు ఎదురు తిరుగుతుంది. పన్నెండేళ్ళ పిల్లవాడికి రెండు చేతులూ, కడుపులోని బలమూ కావాలి. చివర్లో 'క్లక్' మని ఒక కొక్కెం పడుతుంది. అదిగో, ఇప్పుడు స్ప్రింగు ముడుచుకుని పిస్టన్ వెనక నిలబడి ఉంది. ఇక్కడి నుంచి గొట్టం మీద చెయ్యి తీయకూడదు. మూయకముందు చెయ్యి జారితే గొట్టం ఎగిరి వచ్చి వేళ్ళు నలిపేస్తుంది.

గుండ్ల డబ్బా మూత తిప్పండి. గుండ్రటి రేకు డబ్బా, లోపల బూడిద రంగు సీసపు గుండ్లు. ఒకటి తీసి అరచేతిలో వేసుకుంటే బరువే తెలియదు. నడుము సన్నం, తల, తోక లావు, వీరన్న గుళ్ళో చూసిన ఢమరుకం ఆకారం. తోక దగ్గర అంచు పలచగా, లోపల బోలుగా ఉంటుంది. వెనుక నుంచి గాలి తోసినప్పుడు ఆ అంచు విప్పారి గొట్టానికి అతుక్కుంటుంది, గాలి పక్కలకు పోదు. గుండు తలను ముందుకు పెట్టి వేలితో నొక్కండి. గొట్టం మూయండి. ఇంట్లోకి వెళ్ళాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సీసం అన్నంలోకి పోకూడదు. అమ్మ దీన్ని మాతో కచ్చితంగా చేయించింది.

ట్రిగ్గర్ లాగినప్పుడు జరిగేది ఇదీ. కొక్కెం వదులుతుంది, స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, పిస్టన్ ముందున్న గాలి ఒక్క లిప్తలో నలిగి, వేడెక్కి, చిన్న రంధ్రం గుండా గుండు వెనక్కి చేరుతుంది. నిప్పు లేదు, మందు లేదు. గుండు గొట్టం దాటకముందే బరువైన పిస్టన్ తుపాకిని వెనక్కీ ముందుకీ కుదిపేస్తుంది. స్ప్రింగు ఎయిర్‌గన్ కష్టమంతా అక్కడే ఉంది. బిగించి పట్టుకుంటే ఆ కుదుపు గుండును పక్కకు లాగుతుంది.

"పీక పిసుకుతున్నవా? వదులు," అంటాడు బాపు. "అరచేతి మీద ఊరికె ఆనియ్యి. అది యెట్ల కదుల్తదో గట్ల కదలనియ్యి."

అరచేయి తెరుస్తాను. చెక్క దాని మీద ఆనుతుంది. వెనుక గాడిలోంచి ముందు మొన కనిపించాలి, మొన మీద గుండ్రం కూర్చోవాలి. మూడింటినీ ఒకేసారి తేటగా చూడడం కంటికి చేతకాదు. మొదట్లో గుండ్రాన్ని చూడాలనిపిస్తుంది, అందరికీ అదే అనిపిస్తుంది. బాపు మొనను చూడమంటాడు. మొన తేటగా ఉండాలి, బొగ్గు గుండ్రం మసకబారినా సరే. ఊపిరి లోపలికి. సగం బయటికి. అక్కడ ఆపాలి. గుండె కొట్టుకున్నప్పుడల్లా మొన సన్నగా అదురుతుంది. ఆ అదురుకూ అదురుకూ మధ్య ఒక ఖాళీ ఉంది. వేపచెట్టు మీద ఉడుత అరుస్తోంది, కొట్టంలో బర్రె నెమరు వేస్తోంది, ఎక్కడో ట్రాక్టరు. అవన్నీ ఉన్నాయి, కానీ దూరం జరిగాయి. వేలు మెల్లగా, ఇంకొంచెం, ఇంకొంచెం.

'తప్'.

"అట్లనే ఉండు. తల ఎత్తకు," అంటాడు బాపు. గుండు తగిలాక కూడా ఒక క్షణం ఆ చూపు అక్కడే నిలవాలి. తర్వాత ఇద్దరం కాగితం దగ్గరికి నడుస్తాం. బొగ్గు గుండ్రం అంచు మీద సన్నటి చిల్లు. దాని చుట్టూ సీసపు బూడిద చార. బాపు తన పెన్నుతో ఆ చిల్లు పక్కన తేదీ రాస్తాడు. అమ్మ పొయ్యి రాజేయడానికి పాత కాగితాలు అడిగినా అవి మాత్రం ఇవ్వడు.

బాపు లేనప్పుడు తుపాకి దూలం మీది నుంచి దిగదు. గుండ్ల డబ్బా బీరువాలో, తాళం అమ్మ కొంగుకు. ఆ ఏర్పాటు నాకెప్పుడూ కష్టమనిపించలేదు. సాయంత్రం బాపు చెలక నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చాయ్ తాగి, "పా" అనే ఆ ఒక్క మాట కోసం ఎదురుచూడడంలోనే సగం సంతోషం ఉండేది. పగలంతా పని గురించే మాట్లాడే మనిషి ఆ అరగంట నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నా ఊపిరి వింటాడు. మా బాపు నాకు అంత దగ్గరగా కూర్చున్నది మరెప్పుడూ లేదు.

*

దసరా. నట్టింట్లో పీట వేసి పనిముట్లన్నీ పేర్చారు. నాగలి కర్రు, కొడవళ్ళు, గొడ్డలి, పార, బాపు సైకిల్ పంపు, అమ్మ కత్తిపీట. అన్నింటికీ పసుపు, కుంకుమ బొట్లు. నానమ్మ చివరగా దూలం వైపు చూసి, "దాన్ని గూడ దించు," అంటుంది. కొన్ననాడు గడప దగ్గర ఆగిపోయిన మనిషి, తన చేత్తో ఎయిర్‌గన్ చెక్క మీద బొట్టు పెడుతుంది. గొట్టం మొనను గోడ వైపు తిప్పి మరీ పెడుతుంది.

సాయంత్రం ఊరంతా జమ్మి దగ్గరికి. దారిలో అందరి కళ్ళూ కరెంటు తీగల మీద, చెట్ల కొసల మీద. పాలపిట్ట కనబడాలి. "అదిగో" అని ఎవరో అరుస్తారు. తీగ మీద మట్టిరంగు పిట్ట ఒకటి, ఏమంత గొప్పగా లేదు. అది లేచి రెక్క విప్పుతుంది. నీలం మీద నీలం. ఊరు ఊరంతా చేతులెత్తి దండం పెడుతుంది.

జమ్మి ఆకు బాపు చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కినప్పుడు ఆయన అంటాడు, "కంటికి ఇంత అందంగ కనబడేదాన్ని ఎవడన్న కొడతడారా?" పాలపిట్ట ఒక్కదాని గురించే కాదు ఆ మాట. పావురం, కౌజు, గువ్వ, పిచ్చుక, ఏదైనా సరే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించిందన్న సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత పుస్తకంలో తెలిసింది. దసరా నాడు తీగ మీద పిట్టను చూసినవాడికి ఆ చట్టం కొత్తది కాదు. మా ఎయిర్‌గన్ కాగితాన్ని, ఖాళీ అగ్గిపెట్టెను, దారానికి కట్టిన నాణేన్ని తప్ప దేన్నీ కొట్టలేదు.

*

వేసవి సెలవులు వచ్చాయి. మామ దగ్గరికి భూపాలపల్లి పోవాలి. తుపాకి తీసుకుపోతానంటే బాపు వద్దంటాడు. "గా దిక్కు పరిస్థితి వేరు. ఆకారం సూస్తెనె సాలు, బస్సు ఆపుతరు." అడవి దిక్కు అన్నల (నక్సలైట్ల) కాలం అది, పోలీసుల కాలం కూడా. హన్మకొండలో బస్సు మారి, గూడెప్పాడ్, పరకాల, రేగొండ దాటి పోతాం. చెల్పూరు దగ్గర ఇప్పుడు దూరం నుంచే కనబడే కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు అప్పుడు లేవు. రెండు చోట్ల బస్సు ఆపి సంచులు చూస్తారు. బాపు మాట ఎంత నిజమో తెలుస్తుంది.

మామ సింగరేణిలో షాట్‌ఫైరర్. పొద్దుటి షిఫ్టు ముగించి క్వార్టర్‌కు వస్తాడు. స్నానం చేసినా కనురెప్పల అంచుల్లో బొగ్గు కాటుక మిగిలే ఉంటుంది. గని లోపల బొగ్గు గోడకు రంధ్రాలు వేశాక, మందు నింపి, మట్టితో బిగించి, పేల్చే పని ఆయనది. వరండాలో నులక మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ అడుగుతాడు.

"తుపాకి కొన్నరంట గద అల్లుడా. ఏది, యెట్ల పడతవో సూపియ్యి."

మూలనున్న నల్ల గొడుగు తీసి చేతికిస్తాడు. భుజానికి ఆనించి, ఎదురుగోడ మీది మేకుకు గురి పెడతాను. మామ వెనక నిలబడి మోచేయి సర్దుతాడు, పాదాల మధ్య దూరం చూస్తాడు. అంతలో మామ చిన్నబిడ్డ బొమ్మ పట్టుకుని వరండాలోకి వస్తుంది. మామ చెయ్యి వెంటనే గొడుగు మీద పడి, కొసను నేలకు వంచేస్తుంది. పిల్ల అటు నుంచి ఇటు నడిచి, లోపలికి పోయేదాకా ఆ చెయ్యి తీయడు.

"గొడుగే గద మామా," అంటాను.

"చేతికి తెల్వదు అది గొడుగని. అలవాటు చేసిందే చేస్తది."

అప్పుడు గని సంగతి చెబుతాడు. మందు పెట్టేముందు గ్యాసు ఉందో లేదో దీపంతో చూడాలి. పేల్చేముందు వచ్చే దారులన్నింటి దగ్గరా మనుషులను నిలబెట్టాలి. పేలిన తర్వాత కూడా తొందరపడకూడదు, పేలకుండా మిగిలింది ఏదైనా ఉందేమో చూసుకోవాలి. "ముందు మనిషిని సూడాలె అల్లుడా. బొగ్గు తర్వాత." చీకటి పడుతోంది. దూరంగా గని సైరన్. తర్వాతి షిఫ్టువాళ్ళు సైకిళ్ళ మీద పోతున్నారు. గొడుగు నా చేతిలోనే ఉంది, కొస నేలవైపు ఉంది.

ఇంటికి తిరిగొచ్చాక ఆ మాటను బాపుకు చెబుతాను. ఆయన బొగ్గుముక్క తీసుకుని పశువుల కొట్టం గోడ మీద, కాగితానికి పైన రాస్తాడు. ముందు మనిషిని చూడాలె. వానలకు చెరిగినప్పుడల్లా మళ్ళీ రాసేవాడు.

*

2012 జూలై 30. జనగామలో మా ఇంటి టీవీ ముందు బాపు, నేను. లండన్‌లో రాయల్ ఆర్టిలరీ బారక్స్, పురుషుల 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఫైనల్. తెర మీద గగన్ నారంగ్. హైదరాబాద్‌లో పెరిగిన పిల్లవాడు, 1997లో తండ్రి ఇచ్చిన ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టినవాడు. నాలుగేళ్ళ ముందు బీజింగ్‌లో అభినవ్ బింద్రా ఇదే పోటీలో బంగారు పతకం తెచ్చాడు. ఇప్పుడు అందరి కళ్ళూ ఇతని మీద.

కెమెరా గురి దగ్గరికి పోతుంది. పది మీటర్ల దూరంలోని ఆ నల్ల గుండ్రంలో పది పాయింట్ల చుక్క అడ్డం కొలత అర మిల్లీమీటరు. కొట్టే గుండు నాలుగున్నర మిల్లీమీటర్లు. 60 గుండ్ల తొలి దశలో నారంగ్ సాధించింది 600కు 598. ఫైనల్‌లో ఇంకో పది. ప్రతి గుండుకూ ముందు అతను రైఫిల్ ఎత్తి, చెంప ఆనించి, కదలకుండా అయిపోతాడు. బాపు టీవీకి దగ్గరగా జరుగుతాడు.

"ఊపిరి సూడు. ఊపిరి సూడు వాందీ."

చివరి గుండు 10.7. మొత్తం 701.1. కాంస్యం. బాపు లేచి పెరట్లోకి నడుస్తాడు. కొట్టం గోడ దగ్గర నిలబడి చాలాసేపు చూస్తాడు. లోపలికి వచ్చి ఒక్కటే అంటాడు, "మనం పట్టుకున్నది గూడ గదే ఆటరా." అంతకుముందెప్పుడూ దాన్ని ఆట అనలేదు ఆయన.

ఆ మాట నాకు రాను రాను ఇంకా నిజమనిపిస్తోంది. 1984 లాస్ ఏంజెలెస్ నుంచీ ఒలింపిక్స్‌లో ఉన్న ఈ పోటీకి పొడుగు అక్కర్లేదు, కండ అక్కర్లేదు. నిలబడడం రావాలి, చూడడం రావాలి, ఊపిరి మాట వినాలి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్ళకే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయింది, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది, పారిస్ ఒలింపిక్స్‌లో ఆడింది. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్‌కు వినపడదు. నారంగ్ అకాడమీలో నేర్చుకుని, 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ బంగారు పతకం గెలిచాడు. ఆ ఇద్దరి విజయాలు చదివినప్పుడు నాకు గుర్తొచ్చేవి మా జిల్లాల పిల్లల కళ్ళు. మక్కచేన్లో మంచె మీద నిలబడి, వడిసెల తిప్పి, ఎక్కడ కంకి మీద చిలుక వాలిందో అక్కడికే రాయి పంపే పిల్లలు మానుకోట పల్లెల్లో ఎందరో ఉండేవారు. గురి మాకు కొత్త కాదు.

*

ఈరోజు ఎయిర్‌గన్ మళ్ళీ మా ఊళ్ళకు వచ్చింది, వేరే దారిలో. జనగామ వీధుల్లో, మానుకోట చేన్ల గట్ల మీద, భూపాలపల్లి కాలనీల్లో దాన్ని కోతులను తరమడం కోసం కొంటున్నారు. చేతికొచ్చిన పంట కళ్ళ ముందు పోతుంటే, పెంకుటిల్లు చిందరవందర అవుతుంటే రైతు ఏదో ఒకటి పట్టుకోక తప్పదు. ఆ బాధ నాకు తెలుసు. కానీ ఇల్లూ వాకిలీ ఉన్న వీధిలో పైకి కొట్టిన గుండు ఎక్కడో ఒకచోట దిగుతుంది. అది కంటికి తగిలితే ఆ కన్ను మళ్ళీ రాదు. కాబట్టి కొన్నవాళ్ళు చట్టం తెలుసుకోవాలి. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లు, గుండు శక్తి 20 జౌళ్ళు మించని ఎయిర్‌గన్‌కే లైసెన్సు అక్కర్లేదు. పాకాల, ఏటూరునాగారం వంటి అభయారణ్యాల్లోకి అనుమతి లేకుండా ఏ ఆయుధంతోనూ అడుగు పెట్టరాదు. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021 మార్చిలో మొదలైన ఎయిర్‌గన్ సరెండర్ అభియాన్‌లో, పిట్టలు లేని అడవి చూడలేక వందల మంది తమ తుపాకులను తామే ప్రభుత్వానికి అప్పగించారు. వేట అలవాటు తరతరాలుగా ఉన్నచోట అది చిన్న త్యాగం కాదు. మన ఎయిర్‌గన్ పిట్ట వైపు తిరగకపోతే, అప్పగించాల్సిన అవసరమే రాదు.

మా తుపాకి ఇప్పుడూ పనిచేస్తుంది. లోపలి తోలు వాషర్ ఎండిపోకుండా కుట్టుమిషన్ నూనె చుక్క వేస్తూ వచ్చాం. చెక్క మీద దసరా బొట్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని, ఎంత తుడిచినా పోని ఎర్రటి మచ్చ మిగిలింది. నా బిడ్డకు పన్నెండేళ్ళు వచ్చాయి. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఆమె ఊపిరి వింటున్నాను.

ఇంట్లో ఎయిర్‌గన్ ఉన్న ప్రతి తండ్రికీ, తల్లికీ నేను చెప్పేది ఇదే. దాన్ని పిల్లల చేతికి ఊరికే ఇవ్వకండి, అట్లని అటక మీద పడేయకండి. కళ్ళకు అద్దాలు పెట్టించి, వెనుక మట్టిగోడ, ముందు ఒక కాగితం చూసుకుని, పక్కన కూర్చుని నేర్పండి. గుండ్లకు తాళం మీ దగ్గర ఉంచుకోండి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యాయి. ఎయిర్ రైఫిల్ పోటీకి కావాల్సింది పది మీటర్ల దూరం, ఒక గట్టి గోడ, ఒక మంచి గురువు. ఒక్కో జిల్లా కేంద్రంలో, ఏ పాఠశాల హాల్లోనైనా సరే, అలాంటి రేంజ్ ఒకటి ఏర్పాటు చేయమని అధికారులనూ, ప్రజాప్రతినిధులనూ అడుగుదాం. మంచె మీద పెరిగిన చూపు మన పిల్లలకు ఉంది. దానికి నిలబడేందుకు చోటు మనమే ఇవ్వాలి.